దోస్తులతోని అండమాన్ పోతున్నరా? చివరికి ఒక రోజు ఖాళీ పెట్టుకోండ్రి

నల్గొండ, పాలమూరు దిక్కు నుంచి అండమాన్ పోదామనుకునేటోళ్లకు నేను ముందుగాల చెప్పేది ఒక్కటే. ఫ్లైట్ ఎక్కేది, దిగేది పోర్ట్ బ్లెయిర్‌ల, అందుకే వాపస్ ఫ్లైట్‌కు ముందు ఒక రోజు మొత్తం అక్కడ్నే ఉండేటట్టు ప్లాన్ చేసుకోండ్రి. మేం నలుగురం పోయినం, ఆఖరి రోజు పొద్దున హావ్‌లాక్ దీవిల ఫెర్రీ (మనుషులను తీస్కపోయే పెద్ద బోటు) ఎక్కి మధ్యాహ్నం ఫ్లైట్ అందుకుందామని లెక్క వేసుకున్నం, రాత్రి గాలి లేసింది, పొద్దున జెట్టీ కాడికి పోతే సముద్రం బాగలేదు ఇయ్యాల బోట్లు నడువయ్ అన్నరు. ఫెర్రీ పైసలు వాపస్ వచ్చినయి కానీ ఫ్లైట్ టికెట్లు నాలుగూ పోయినయి, ఎందుకంటే రెండూ వేరే వేరే టికెట్లు, బోటు ఆగితే ఫ్లైట్ వాళ్లకు సంబంధం ఉండదు.

దీనికి మందు చాలా సులువు. ప్లాన్‌ను ఉల్టా చెయ్యాలె. అందరూ దిగంగనే పోర్ట్ బ్లెయిర్‌ల రెండు రోజులు తిరిగి తర్వాత దీవులకు పోతరు, మీరు దిగిన రోజో తెల్లారో సీదా హావ్‌లాక్ పోండ్రి, అక్కడి నుంచి నీల్ దీవి, ఆ తర్వాత వాపస్ వచ్చి సెల్యులార్ జైలు, రాస్ ఐలాండ్ చూడుండ్రి. గట్లయితే ఫెర్రీ ఒకరోజు ఆగినా జైలు చూసుడు ఒక పూట తగ్గుతది తప్ప ఫ్లైట్ పోదు. బుక్ చేసేటప్పుడు పేర్లు చూసి పరేషాన్ కాకుండ్రి, 2018ల హావ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌ను షహీద్ ద్వీప్ అని మార్చిన్రు, 2024ల పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయ పురం అయింది, కానీ అందరి నోట్ల ఇంకా పాత పేర్లే. నెలల సంగతికొస్తే జనవరి నుంచి ఏప్రిల్ దాక సముద్రం జర నెమ్మదిగ ఉంటది, మే నడిమి నుంచి సెప్టెంబర్ దాక వానలు, అక్టోబర్, నవంబర్‌ల తుఫాన్ల భయం.

ఇంకోటి, పొద్దు. అక్కడ గడియారం మనదే కానీ సూర్యుడు మనకన్నా దాదాపు గంట ముందు నడుస్తడు. డిసెంబర్‌ల సాయంత్రం 5 గంటలకే పొద్దు గూకుతది. ఊర్ల లెక్క ఐదున్నరకు తయారై బీచ్‌కు పోదామంటే చీకటే ఉంటది, కిరాయి స్కూటీ మీద ఆ మలుపుల రోడ్ల వాపస్ వచ్చుడు కష్టం. పొద్దున ఐదుకే లేవండ్రి, లైసెన్స్, హెల్మెట్ రెండూ మరువకుండ్రి.

ఇప్పుడు ఈత గురించి, ఇది జర మనసు పెట్టి చదువుండ్రి. మనం బాయిల, సాగర్ కాల్వల ఈత నేర్చినోళ్లం, నీళ్లంటే భయం లేదు, నా దోస్తు ఒకడు నడుముల లోతుల్నే నిలబడి ఆడుతుంటే పది నిమిషాల్ల మేము పెట్టిన చెప్పుల కాడి నుంచి మస్తు దూరం జరిగిపోయిండు, వానికి తెల్వనే తెల్వది. బాయిల నీళ్లు గుంజవు, సముద్రం గుంజుతది. కాల్వల కొట్టుకపోతుంటే ఎదురు ఈదొద్దు, పక్కకు గట్టు దిక్కు జరగాలె అని చిన్నప్పుడు మనకు పెద్దోళ్లు చెప్పిన్రు కదా, సముద్రంల లోపలికి గుంజినప్పుడు గూడా గదే పని, ఒడ్డు దిక్కు ఎదురు ఈది అలిసిపోవద్దు, ఒడ్డుకు సమానంగ పక్కకు ఈదాలె, గుంజుడు తగ్గినంక ఒడ్డుకు రావాలె. అలిసిపోతే ఎల్లకిల తేలి చెయ్యి ఊపండ్రి. ఒడ్డు మీద ఒకడు ఎప్పటికీ చూస్తనే ఉండాలె, వంతులు వేసుకోండ్రి. మొసలి బోర్డు ఉన్న తాన నీళ్లల్లకు దిగనే దిగొద్దు, 2010ల హావ్‌లాక్‌ల రాధానగర్ బీచ్ దగ్గర స్నార్కెలింగ్ (నోట్ల గొట్టం పెట్టుకొని నీళ్లల్లకు చూసుకుంట ఈదుడు) చేస్తున్న ఒక అమెరికా టూరిస్టును మొసలి చంపింది, ఊకె భయపెట్టనీకి పెట్టిన బోర్డులు కావు అవి.

నీల్‌ల నేచురల్ బ్రిడ్జ్ అనే రాతి కమాను కాడికి నీళ్లు వెనక్కి పోయినప్పుడే పోవచ్చు, టైం ముందు రోజే రూం వాళ్లను అడగండ్రి. అక్కడ రాళ్లన్నీ పగడాలవి, కత్తి లెక్క ఉంటయి. రబ్బర్ చెప్పులు జారి మా వాడు ఒకడు అరికాలు కోసుకున్నడు. గట్లయితే మంచినీళ్లతోని బాగ కడిగి, లోపల ముక్క ఇరుక్కుందా చూసి, మందు పెట్టి, దవాఖానకు పోయి టీటీ ఇప్పించుండ్రి, చిన్న గాయమే అని ఇడిస్తే రెండో రోజు చీము పడుతది. మడమకు పట్టీ ఉండే చెప్పులు కొనుక్కోండ్రి. దీవుల్ల చిన్న సర్కారు దవాఖానలే ఉంటయి, పెద్ద కేసయితే పోర్ట్ బ్లెయిర్ దాక పోవాల్సిందే, అర్జంట్ అయితే 112. స్కూబా (గాలి సిలిండర్ కట్టుకొని నీళ్లల్ల లోతుకు పోవుడు) చేస్తే మాత్రం 24 గంటల దాక ఫ్లైట్ ఎక్కొద్దు, నీళ్ల లోపల ఒత్తిడికి రక్తంల కలిసిన నైట్రోజన్ మీద గాల్ల బుడగలైతది.

ఫెర్రీల కడుపుల తిప్పుతది అనుకునేటోళ్లు గోలి ఎక్కకముందే వేసుకోవాలె, వాంతులు మొదలైనంక వేసుకుంటే ఆగదు. నడిమిట్ల కూసోండ్రి, ఫోన్ చూడకుండ్రి. బ్యాగుల బట్టలన్నీ మందం పాలిథిన్ కవర్ల మూటలు కట్టి పెట్టండ్రి. ఫోన్ ఉప్పు నీళ్లల్ల పడితే ఎంబడే స్విచాఫ్ చెయ్యాలె, ఛార్జింగ్ పెట్టొద్దు, సిమ్ తీసి ఇంకో ఫోన్ల వెయ్యాలె. టికెట్లు, ఆధార్ నలుగురి ఫోన్లల్ల ఉండాలె, ఒక సెట్టు కాయితం మీద గూడా.

పైసల కాడనే దోస్తులు ఖరాబ్ అయ్యేది. మేం పోయే ముందే తలా పది వేలు వేసి ఒకని చేతుల పెట్టినం, ఆటో, రూం, తిండి అన్నీ దాంట్లకెళ్లే, రోజూ రాత్రి లెక్క చదివేటోడు. ఆ పైసల్ల సగం ఎవరూ ముట్టొద్దు, ఆపద కోసమే అనుకున్నం, ఫెర్రీ ఆగిన రోజు గదే ఆదుకున్నది. నగదు ఉండాలె, సిగ్నల్ పోతే ఫోన్‌పే పని చెయ్యదు. ఎవలికన్నా జరమొస్తే ఎవరు ఉండాలె అన్నది గూడా ముందే వంతులేసుకోండ్రి. మా వానికి జరమొచ్చిన రోజు "మీరు పోండ్రి రా, నేను పండుకుంట" అన్నడు, మేం ముగ్గురం పోయి వచ్చినం, వచ్చేసరికి నీళ్లు తెచ్చుకోనీకి గూడా లేవలేకపోయిండు. ఇప్పటికీ నాకు మనసున పడుతది. వాళ్లు పొమ్మన్నా ఒకడు ఉండాలె.

ఇరుక్కుపోతే నోరు తెరిచి అడగండ్రి, తెలుగుల అడిగినా సరే. శ్రీకాకుళం, విశాఖ దిక్కు నుంచి పోయి అక్కడ స్థిరపడ్డోళ్లు మస్తుమంది ఉన్నరు. మేం జెట్టీ కాడ కూసుంటే చాయ్ అమ్మే ఒకామె మా మాట ఇని, "ఏ ఊరు బాబూ మీది?" అని అడిగి, మాకు సస్తాల రూం చూపెట్టింది.

వచ్చేటప్పుడు గవ్వలు, పగడం ముక్కలు ఏరుకొని బ్యాగుల వేసుకోకుండ్రి. చచ్చిన పగడమైనా 1972 వన్యప్రాణి చట్టం కింద తప్పే, ఎయిర్‌పోర్టుల స్కానింగ్‌ల దొరుకుతది. ఇంట్ల పిల్లలకు ఏమన్నా కొనాలంటే పోర్ట్ బ్లెయిర్‌ల సాగరిక అని సర్కారు ఎంపోరియం ఉన్నది, అక్కడ కొని బిల్లు జేబుల పెట్టుకోండ్రి.