న్యూజిలాండ్‌లో చార్టర్డ్ ఇంజనీర్ అవడం - 4వ పాఠం: ‘మేము’ని కొట్టేయండి

పోయిన పాఠం చివర ఒక చిన్న పని ఇచ్చాను. మీ డిగ్రీ వాషింగ్టన్ అకార్డ్ (సభ్య దేశాలు ఒకరి ఇంజనీరింగ్ డిగ్రీలను ఒకరు గుర్తించే ఒప్పందం) కిందికి వస్తుందో రాదో చూసుకోమన్నాను. పది నిమిషాల పని అనుకున్నా. వచ్చిన జవాబులు చదివాక పొరపాటు నాదేనని అర్థమైంది. అందుకని ఈ పాఠంలో చాలా భాగం దానికే పోతుంది, ఏమీ అనుకోకండి.

ఎక్కువమంది అడిగింది ఇదే: ‘సార్, మా కాలేజీకి న్యాక్ ఏ ప్లస్ ఉంది, సరిపోతుందా?’ సరిపోదు. న్యాక్ అనేది కాలేజీ మొత్తానికి ఇచ్చే గ్రేడు. ఏఐసీటీఈ అనుమతి ఉందంటే ఆ కోర్సు నడుపుకోవచ్చని, అంతే. అకార్డ్‌లో మన దేశం తరఫున కూర్చున్నది ఎన్‌బీఏ (నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్) ఒక్కటే, అది కూడా 2014 జూన్ 13న పూర్తి సభ్యత్వం వచ్చిన దగ్గర్నుంచి. పైగా ఎన్‌బీఏ గుర్తింపు ఇచ్చేది కాలేజీకి కాదు, బ్రాంచికి. ఒకే కాలేజీలో సీఎస్‌ఈకి ఉండి సివిల్‌కి లేకపోవచ్చు. ఉన్నా, ఫలానా ఏడాది నుంచి ఫలానా ఏడాది దాకా అని ఉంటుంది. 2009లో పట్టా తీసుకున్నాయన ఒకరు ‘ఇప్పుడు వచ్చింది కదండీ మా కాలేజీకి’ అని రాశారు. మనవడికి వచ్చిన ర్యాంకు తాతగారికి పనికిరాదు కదండీ.

ఇంకో మెలిక ఉంది, పోయినసారి నేను రాయనిది. అందరికీ తెలిసిందే అనుకున్నా. ఎన్‌బీఏలో టయర్-1, టయర్-2 అని రెండున్నాయి. యూనివర్సిటీలు, అటానమస్ కాలేజీలు టయర్-1లోకి వస్తాయి. జేఎన్‌టీయూ లాంటి యూనివర్సిటీకి అనుబంధంగా, వాళ్ల సిలబస్‌తో, వాళ్ల పరీక్షలతో నడిచే మామూలు కాలేజీలు టయర్-2. అకార్డ్ లెక్కలోకి వచ్చేది టయర్-1 మాత్రమే. సర్టిఫికెట్ మీద ఎన్‌బీఏ ముద్ర చూసి సంబరపడినవాళ్లు ఈ ఒక్క అంకె దగ్గర మళ్లీ చూసుకోండి.

మీ డిగ్రీ అకార్డ్ కిందికి రాకపోతే తలుపు మూసుకుపోయినట్టు కాదు. నాలెడ్జ్ అసెస్‌మెంట్ ఉంది. చదువులో నేర్చుకున్నదీ, తర్వాత ఉద్యోగంలో నేర్చుకున్నదీ కలిపితే అకార్డ్ డిగ్రీ ఉన్న మనిషితో సమానంగా తూగుతారా అని చూస్తారు. నాదీ అకార్డ్‌కి ముందు పట్టాయే, ఆ దారినే వెళ్లాను. అసెస్‌మెంట్ కన్నా పాత సిలబస్ కాపీ సంపాదించడమే పెద్ద టెన్షన్ అయింది, నాలుగు నెలలు పట్టింది. సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు అరిసెలతో పాటు ట్రాన్స్‌క్రిప్టు, మీరు చదివిన ఏడాది సిలబస్ కూడా సంచీలో వేసుకు రండి.

ఇంకొక్క ముక్క చెప్పి ఈ గొడవ వదిలేస్తా. ఇంజనీరింగ్ న్యూజిలాండ్‌లో (2017 దాకా దీన్ని ఐపెంజ్ అనేవారు) సభ్యత్వం వేరు, సీపీఎంగ్ (చార్టర్డ్ ప్రొఫెషనల్ ఇంజనీర్) రిజిస్ట్రేషన్ వేరు. రెండూ చూసేది ఒకే సంస్థ కాబట్టి కలగాపులగం అవుతోంది. రెండోది 2002 చట్టం కింద వచ్చింది. ఆ చట్టం కాపాడేది ‘చార్టర్డ్ ప్రొఫెషనల్ ఇంజనీర్’ అన్న బిరుదునే, ‘ఇంజనీర్’ అన్న మాటను కాదు. ఇక్కడ డబ్బు తీసుకుని ఒకరింటికి వైరింగ్ చేయాలంటే లైసెన్సు ఉండాలి. ఇంజనీర్ అని విజిటింగ్ కార్డు కొట్టించుకోవడానికి మాత్రం ఏదీ అక్కర్లేదు.

సరే, ఇవాళ్టి పాఠం. ఫారం నింపడం, ఫీజు కట్టడం మీకు చెప్పక్కర్లేదు. మీలో ఎంత సామర్థ్యం ఉందో తూచే 12 అంశాలూ చదివే ఉంటారు. వాటికి ఆధారంగా మీరు చేసిన పనుల గురించి రాసే పేజీలే అసలు సంగతి. మీరు పంపిన నమూనాల్లో ఒక్కటి తప్ప అన్నీ గుంపులో గోవింద.

ఒకటి చూడండి: ‘ఉత్తర ఆక్లాండ్‌లో 2.1 మీటర్ల రిటైనింగ్ వాల్ (మట్టి జారకుండా ఆపే గోడ) డిజైన్ చేశాం. సైట్ పరిస్థితులను బట్టి తగిన మార్పులు చేయబడ్డాయి. ప్రాజెక్టు విజయవంతంగా పూర్తయింది.’ ఇది చదివిన అసెసర్‌కి, అంటే మీ దరఖాస్తు తూచే మనిషికి, గోడ గురించి తెలిసింది, మీ గురించి ఏం తెలిసింది? ‘చేశాం’ అంటే ఎవరెవరు? ‘చేయబడ్డాయి’ అంటే ఎవరూ చేయకుండా వాటంతటవే మారాయా?

రాసినాయనతో ఫోన్‌లో మాట్లాడాను. అరగంట గుచ్చి గుచ్చి అడిగితే అసలు కథ బయటికొచ్చింది. డ్రాయింగ్‌లో గోడ పైన తోట ఉంది. ఆయన సైట్‌కి వెళ్లిన రోజు ఇంటావిడ మాటల మధ్యలో ‘ఇక్కడ మా రెండో కారు పెట్టుకుంటాం’ అంది. లెక్కల్లో కారు బరువు లేదు. అప్పటికే చెక్క పోల్స్ లారీలోంచి దిగుతున్నాయి. ఈయన పని ఆపించి, సర్‌చార్జ్ (గోడ వెనక నేల మీద పడే అదనపు బరువు) వేసి మళ్లీ లెక్క కట్టాడు. పోల్స్ మధ్య దూరం 1.2 మీటర్ల నుంచి 0.9కి తగ్గించి, గుంతల లోతు పెంచాడు. కాంట్రాక్టర్ అరిచాడట. నాయనా, ఇంత బంగారం లాంటి కథ పెట్టుకుని ‘తగిన మార్పులు’ అని రాస్తారా?

తిప్పి రాస్తే ఇలా ఉండాలి: ‘గోడ పైన కారు నిలుపుతారని సైట్‌లో తెలిసింది. నా లెక్కల్లో ఆ బరువు లేదు. పని ఆపమన్నాను. తోటే ఉంచమని ఇంటివాళ్లను ఒప్పించడం, గోడను బలపరచడం, ఈ రెండూ ఆలోచించి రెండోది ఎంచుకున్నాను, ఎందుకంటే ఆ ఇంట్లోకి మరొకరు వచ్చాక తోట తోటగా ఉంటుందన్న నమ్మకం లేదు.’ ఆ చివరి కారణం ఉంది చూశారూ, అసెసర్ వెతికేది దాన్నే.

‘పీఎస్4 (నిర్మాణం సరిచూశామని ఇంజనీరు ఇచ్చే పత్రం) మీద సంతకం మా సీనియర్‌ది కదా, నేను అని ఎలా రాస్తాం సార్?’ అని అడుగుతారు. సంతకం ఆయనదే. చూసింది, ఆపింది, లెక్క కట్టింది మీరు. ‘నేను ఇది సూచించాను, ఆయన ఫలానాది సరిచూశారు’ అని రాయండి. ఆయన చేసింది మీ ఖాతాలో వేసుకోవద్దు, మీరు చేసింది ఆయనకు దానం చేయొద్దు. మనకు ఇంట్లో ‘నేను’ అంటే గొప్పలు పోతున్నాడంటారు. అందుకే చెయ్యి ‘మేము’ వైపు లాగుతుంది. అసెసర్‌కి అది వినయంలా కనబడదు, దాక్కున్నట్టు కనబడుతుంది.

ఎందుకింత పట్టుదల అంటే, క్రైస్ట్‌చర్చ్ గుర్తుంచుకోండి. 2011 ఫిబ్రవరి 22 భూకంపంలో 185 మంది పోతే, వాళ్లలో 115 మంది ఆరంతస్తుల సీటీవీ (కాంటర్‌బరీ టెలివిజన్) భవనం ఒక్కదాన్లోనే. డిజైన్ చేసిన ఇంజనీరుకు అలాంటి బహుళ అంతస్తుల పనిలో తగిన అనుభవం లేదని ప్రభుత్వం వేసిన విచారణ సంఘం, రాయల్ కమిషన్, తేల్చింది. ఆ భవన నిర్మాణం చూసిన మేనేజరు ఇంకొకరి ఇంజనీరింగ్ డిగ్రీ వాడుకున్నాడని తర్వాత బయటపడింది. ఏ నిర్ణయం ఎవరిది, ఆయనకు అది చేతనవునా అని ఇక్కడ అడుగుతున్నారంటే వెనక ఇంత ఉంది.

ఇంకా చిన్నవి: ఐఎస్ 456 (కాంక్రీటు పనికి మన దేశపు కోడ్) ప్రకారం చేశానని రాస్తే న్యూజిలాండ్ పద్ధతులు తెలుసన్న అంశానికి పనికిరాదు, ఇక్కడి కాంక్రీటు కోడ్ ఎన్‌జెడ్‌ఎస్ 3101తో చేసిన పని చూపండి. పాత పనులు వెతుక్కోవడానికి నేను చేతిరాత సైట్ పుస్తకాన్నే నమ్ముతా, ఫోన్ నోట్స్ రెండు ఫోన్లు మారేసరికి పోయాయి. తెలుగులో ముందు రాసుకుని తర్వాత ఇంగ్లిష్ చేసుకోండి. తెలుగులో క్రియ చివరే ‘ను’, ‘ము’ బయటపెట్టేస్తుంది, తప్పించుకోలేరు.

అభ్యాసం. మీరు చేసిన మూడు పనులు, ఒక్కోదానికి ఒక పేజీ. ఎర్ర పెన్నుతో ‘మేము’, ‘మనం’, ‘చేయబడింది’ అన్నిటినీ చుట్టండి, ఒక్కటి మిగిలినా ఆ పేజీ మళ్లీ మొదట్నుంచి రాయండి. ప్రతి పేజీలో మీరు వద్దనుకున్న దారి ఒకటైనా, ఎందుకు వద్దన్నారో ఉండాలి. నాలుగో పేజీ కష్టం: మీ పరిధి కాదని మీరు ఒప్పుకోకుండా వదిలేసిన పని గురించి. అలాంటిది ఒక్కటీ లేదంటారా? అయితే ఎందుకు లేదో రాసి పంపండి, ముందు అదే చదువుతా.