మృగశిరకు ముందు రాతి కొట్టం

రాతి గోడలు, బోదగడ్డి కప్పు ఉన్న పాత కొట్టాలు రాయలసీమ పల్లెల్లో ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది గానీ, మే నెల గాలివానలు అంతదాకా ఆగవు. మరమ్మతులు ఏప్రిల్‌లోనే తెమలాలి.

అందరూ ముందు కప్పు చూస్తారు. నేనైతే గోడ తల చూడమంటాను. పైకి ఒకటే గోడలా కనిపించినా, అది రెండు వరసల రాళ్లు. నడుమ మట్టి, చిన్న రాళ్లు కూరి ఉంటాయి. చూరు కురచబడి నీరు గోడ తల మీద పడితే ఆ మట్టి కొట్టుకుపోతుంది, కొన్నాళ్లకు గోడ పొట్ట పెడుతుంది. తూకంగుండు వేలాడదీసి చూడండి. ఉబ్బు తేలితే ఆ గోడ వారన మంచం వేయకండి, పశువును కట్టకండి. రాతిపని తెలిసినవారిని పిలవండి. చూరు గోడ దాటి మూరెడైనా బయటికి ఉండాలి.

సందులకు సిమెంటు పూయవద్దు. మా ఇంట్లో పూశారు. తడి బయటికి పోయే దారి మూసుకుపోయి, రెండో ఏటికే పూత పెచ్చులుగా ఊడింది; వెనక మట్టి బురదై ఉంది. ఎర్రమట్టిలో ఇసుక, సున్నం కలిపి మెత్తడమే మేలు. మెత్తే ముందు సందును కర్రతో కదపండి, చేయి పెట్టకండి. ఎండాకాలం తేళ్లకు అంత చల్లని చోటు మరొకటి లేదు.

గడ్డి మీద నేరుగా కాలు మోపవద్దు. చెదలు తిన్న వాసం చూపుకు గట్టిగానే ఉంటుంది. లోపలి నుంచి తట్టితే బోలుగా మోగుతుంది. నిచ్చెనను కప్పు మీద పడుకోబెట్టి, దాని మెట్ల మీదే ఎక్కాలి.

కట్టెల పొయ్యి ఉన్నప్పుడు పొగే పురుగును దూరం పెట్టేది. స్కాట్లాండ్‌కు చెందిన లూయిస్ దీవిలో, ఆర్నాల్ ఊరి పాత రాతి ఇళ్లకైతే పొగగొట్టమే లేదు. నేల నడుమ రగిలే నిప్పు పొగ గడ్డిలోంచే పోయేది. మనకు గ్యాసు వచ్చాక ఆ కాపలా పోయింది కనుక వాసాలను ఏటా చూసుకోక తప్పదు. అలాగని ఇప్పుడు లోపల పొగ పెట్టకండి, ఎండిన గడ్డికి ఒక్క నిప్పురవ్వ చాలు. కరెంటు తీగ గడ్డికి తగలకుండా పైపులో, గోడ వెంట రావాలి. నీళ్ల తొట్టి, గడ్డి లాగే పొడవాటి కొక్కెం కర్ర వాకిట్లో ఉండాలి. అంటుకుంటే కప్పెక్కకండి, మనుషులను బయటికి పంపి, పశువుల తలుగులు కోసి, 101కి ఫోను చేయండి.

కొత్త బోద దొరకక టార్పాలిన్ కప్పినా, వాన వెలిసిన వెంటనే తీసేయండి. వదిలేస్తే కింద గడ్డి కుళ్లిపోతుంది.