సొరియాసిస్ టెన్షన్‌ నుంచి నేనెలా తేరుకున్నానంటే

మచ్చల కన్నా జనం చూపులే నన్ను ఎక్కువ బాధపెట్టేవి. బస్సులో పక్కవాళ్లు నా మోచేయి చూసి కాస్త జరిగితే చాలు, ఆ రోజంతా మూడ్ పాడే. భుజాల మీద రాలిన పొట్టు కనబడుతుందని నల్ల బట్టలే మానేశాను.

మార్పు ఒక కాగితంతో మొదలైంది. డాక్టరు డీఎల్‌క్యూఐ అనే ప్రశ్నపత్రం ఇచ్చారు, చర్మం జబ్బు మన రోజువారీ జీవితాన్ని ఎంత ఇబ్బంది పెడుతోందో కొలిచేది. పదే ప్రశ్నలు, అన్నీ గడిచిన వారం గురించే: దురద ఎంత, సిగ్గుగా అనిపించిందా, చర్మం వల్ల వేసుకునే బట్టలు మారాయా? 30కి 10 దాటితే జీవితం మీద ప్రభావం చాలా ఎక్కువని లెక్క. నాది దాటింది. మందు మార్చేటప్పుడు డాక్టరు ఆ అంకెను కూడా చూశారు, కౌన్సెలర్ దగ్గరికీ పంపారు.

కౌన్సెలర్ చెప్పినవాటిలో నాకు బాగా పనికొచ్చింది ముందే తయారుచేసుకున్న జవాబు. "ఇది అంటుకోదండీ. మామూలుగా నెల పట్టే చర్మకణాలు నాకు కొన్ని రోజుల్లోనే తయారై పేరుకుంటాయి." ఇంతే చెప్పి మాట మార్చేస్తాను. సలహాలిచ్చేవాళ్లు ఎలాగూ ఇస్తారు, అది వేరే జబ్బు!

టెన్షన్ పడితే నాకు దురద పెరుగుతుంది. గోకితే గీరుకున్నచోట కొత్త మచ్చలు లేస్తాయి. అందుకే గోళ్లు పొట్టిగా ఉంచుకుంటాను, దురద మొదలవగానే మాయిశ్చరైజర్ రాసి, అరచేత్తో కాసేపు అదిమి పెడతాను.

మోకాళ్ల మీద మచ్చలు ఇంకా ఉన్నాయి. నిద్ర పట్టకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా అదీ డాక్టరుకు చెప్పండి. సొరియాసిస్ ఉన్నవాళ్లలో డిప్రెషన్ ఎక్కువే, దానికీ వైద్యం ఉంది.