టెర్మినల్‌లో బిల్డ్ అవుతుంది, ఐడీఈలో అవ్వదు: ముందు ఇది చూడండి

పోయిన వారం మాదాపూర్‌లోని మా ఆఫీసులో కొత్తగా చేరిన తమ్ముడొకడు రెండు రోజులు దీనితోనే కుస్తీ పట్టాడు. టెర్మినల్‌లో గ్రేడిల్ (జావా ప్రాజెక్టుల్ని బిల్డ్ చేసే టూల్) బిల్డ్ చక్కగా అవుతోంది. ఇంటెల్లిజే అనే ఐడీఈలో (కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్) సింక్ కొడితే మాత్రం అంతా ఎర్రగా వస్తోంది. క్యాష్ (ముందే దించి దాచుకున్న ఫైళ్లు) మొత్తం తీసేసి, అమీర్‌పేట హాస్టల్ వైఫైలో రాత్రంతా డిపెండెన్సీలు (ప్రాజెక్టుకి కావాల్సిన లైబ్రరీలు) మళ్లీ దించుకున్నాడట, పాపం. అంత టెన్షన్ అక్కర్లేదు.

ఎర్రర్‌లో 'అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 65' అని ఉంది. ఆ అంకెలోంచి 44 తీసేయండి, జావా వెర్షన్ వస్తుంది. 65 అంటే జావా 21, 61 అంటే జావా 17. టెర్మినల్ జావా హోమ్‌లో (ఏ జావా వాడాలో సిస్టమ్‌కి చెప్పే సెట్టింగ్) ఉన్న 17ని వాడుకుంటోంది, ఐడీఈ తన సొంత సెట్టింగ్‌లోని 21ని పట్టుకుంది. 8.5 కంటే పాత గ్రేడిల్ జావా 21 మీద నడవదు. ఆ ప్రాజెక్టులో ఉన్నది గ్రేడిల్ 7.6.

సెట్టింగ్స్‌లో బిల్డ్ టూల్స్, అందులో గ్రేడిల్ తెరిస్తే కింద 'గ్రేడిల్ జేవీఎం' (గ్రేడిల్ ఏ జావా మీద నడవాలో చెప్పేది) అని ఉంటుంది. అక్కడ 17 ఎంచుకుని మళ్లీ సింక్ చేయండి. ప్రాజెక్ట్ స్ట్రక్చర్‌లో ఎస్‌డీకే (ప్రాజెక్టు కోడ్‌కి వాడే జావా) మారిస్తే చాలనుకుంటారు చాలామంది, కానీ ఆ రెండూ వేర్వేరు. మావాడు మార్చింది ఆ ఎస్‌డీకేనే.

గ్రేడిల్ బదులు మావెన్ అనే బిల్డ్ టూల్ వాడేవాళ్లయితే, అదే బిల్డ్ టూల్స్‌లో మావెన్ కింద ఇంపోర్టర్‌కీ రన్నర్‌కీ జేడీకే (వాడే జావా) విడివిడిగా ఉంటుంది, రెండూ చూడండి.