మూలపడ్డ యెజ్డీ బైకుని విప్పేముందు

సింగరాయకొండ వైపు ఉప్పుగాలికి పదేళ్లు రేకుల షెడ్డులో పడున్న బండంటే, తుప్పు కంటికి కనిపించేదానికంటే ఎక్కువే ఉంటుంది. ముందు ఆర్‌సీ చూసుకోండి. 15 ఏళ్లు దాటితే రిన్యూవల్ తప్పదు.

ఆత్రంగా కిక్ కొట్టొద్దు. నేను కొట్టాను, పట్టేసిన పిస్టన్ రింగు విరిగింది. స్పార్క్ ప్లగ్ విప్పి, ఆ బెజ్జంలో రెండు చెంచాల ఆయిల్ పోసి రెండు రోజులు వదిలేయండి. తర్వాత టాప్ గేర్ వేసి వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. కదలకపోతే మళ్లీ ఆయిలే, బలం కాదు.

పాత పెట్రోలు బంకలా మారి, ముక్కు పగిలే వాసనొస్తుంది. ఆరుబయట తీయండి, దగ్గర్లో పొయ్యి, బీడీ ఏదీ ఉండకూడదు. ఖాళీ ట్యాంకని ధీమా వద్దు, లోపల ఆవిరి ఉంటుంది. చిల్లు పడిందని నేరుగా వెల్డింగ్‌కి ఇస్తే పేలుతుంది.

బ్రేక్ డ్రమ్ములో దుమ్ము నోటితో ఊదొద్దు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తుల్ని పాడుచేసే పీచు. మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడవండి.

సీటు కింద తేళ్లు, సైలెన్సర్‌లో కందిరీగల గూళ్లు మామూలే. పుల్లతో కదిపాకే చెయ్యి పెట్టండి.

విప్పే ప్రతి ముక్కకీ ఫొటో తీయండి. కిక్కూ గేరూ ఒకే రాడ్‌గా ఉండే బండి ఇది, బిగించేటప్పుడు తికమక పెడుతుంది. విప్పిన నట్లు విడివిడిగా పెట్టుకోడానికి పాత ఇడ్లీ రేకు బాగుంటుంది, ఇంట్లో అడిగే తీసుకోండి.