మురానో గాజు: 1950ల నాటి ఇటాలియన్ వస్తువులను గుర్తుపట్టి, పరీక్షించి కొనడం ఎలా?

వెనిస్ పక్కనున్న మురానో దీవికి గాజు కొలిములు 1291లో వెళ్లాయి. ఊళ్లో అగ్నిప్రమాదాలు జరుగుతాయన్న భయంతో అప్పటి వెనిస్ ప్రభుత్వం వాటిని అక్కడికి పంపింది. అంత పాత చరిత్ర ఉన్నా, ఇళ్లలో పెట్టుకోవడానికి ఎక్కువమంది వెతికేది 1945 నుంచి 1970 దాకా తయారైన వస్తువులనే. ఆ కాలంలో కొలిముల యజమానులు వాస్తుశిల్పులతో, చిత్రకారులతో డిజైన్లు గీయించారు. ఊదే చేతులు తరతరాల అనుభవం ఉన్నవి, గీసే చేతులు కొత్తవి. ఆ రెండూ కలిసిన పని చూడగానే తెలుస్తుంది. అదే కాలపు రంగులతో, అదే ఆకారాలతో ఈనాటి నకళ్లు కూడా మార్కెట్లో చాలా ఉన్నాయి కాబట్టి కొనేవాళ్లకు ఒక క్రమం అవసరం.

1. ముందు ఒక పద్ధతిని ఎంచుకోండి

కంపెనీ పేరుతో మొదలుపెడితే డబ్బు త్వరగా అయిపోతుంది, కన్ను మాత్రం ఆలస్యంగా నేర్చుకుంటుంది. ఒక తయారీ పద్ధతిని పట్టుకుని దాన్ని బాగా తెలుసుకోవడం మేలు.

సొమ్మెర్సో: ఒక రంగు గాజు ముద్దను మరో రంగు గాజులో ముంచి, పైన మరో పొర ఎక్కిస్తారు. సెగూజో వెత్రి దార్తె కంపెనీకి ఫ్లావియో పోలి గీసిన సొమ్మెర్సో వాజ్‌లు ఈ పద్ధతికి శిఖరం. 1954లో ఆయన పనికి ఇటలీ డిజైన్ పురస్కారమైన కొంపాస్సో దోరో వచ్చింది. మంచి సొమ్మెర్సోలో రెండు రంగులు కలిసే గీత కత్తితో కోసినట్టు స్పష్టంగా ఉంటుంది, గోడ మందం చుట్టూ సమానంగా తిరుగుతుంది. నాసిరకం వాటిలో రంగు అడుగున పేరుకుని, పైకి పోయేకొద్దీ మసకబారుతుంది.

ఫిలిగ్రానా: తెల్లని లేదా రంగుల గాజు కడ్డీలను పారదర్శకమైన గాజులో పొదిగి ఊదుతారు. కడ్డీలను మెలిపెడితే జాన్ఫిరికో అవుతుంది. అవ్రెలియానో తోజో కొలిమికి దీనో మార్టెన్స్ చేసిన వాజ్‌లలో ఈ కడ్డీలు, రంగుల ముక్కలు, రాగి స్ఫటికాలతో మెరిసే అవెంచురీన్ అన్నీ ఒకేచోట కనిపిస్తాయి.

బుల్లికాంతె: గాజు లోపల వరుసలుగా గాలి బుడగలు ఉంటాయి. ముళ్లున్న అచ్చులో ముద్దను నొక్కి, పైన మరో పొర గాజు ఎక్కిస్తే గుంటల్లోని గాలి లోపలే చిక్కుకుంటుంది. అందుకే బుడగలు క్రమంగా ఉండాలి. చెల్లాచెదురుగా ఉంటే అవి గాజులోని లోపం కావచ్చు.

తక్కువ ఖర్చుతో మొదలుపెట్టాలంటే మురానో బయట చూడండి. టస్కనీలోని ఎంపోలి పట్టణంలో ఆ కాలంలో పొడవాటి మూతలున్న సీసాలు, ఆకుపచ్చ గాజు డికాంటర్లు (పానీయాలు పోసి ఉంచే సీసాలు) పెద్ద ఎత్తున చేశారు. అచ్చులో ఊదిన సరుకే అయినా రంగు, ఆకారం చక్కగా ఉంటాయి, వరుసగా పెడితే గదికి నిండుదనం వస్తుంది. కొనేటప్పుడు మూత ఆ సీసాదేనా అన్నది మాత్రం చూడాలి. రంగు ఛాయ తేడాగా ఉన్నా, మెడలో వదులుగా ఊగినా వేరే సీసా మూత తెచ్చి పెట్టి ఉంటారు.

2. వస్తువును తిరగేసి అడుగు చదవండి

అందరి కళ్లూ రంగు మీదికి పోతాయి, వయసు చెప్పేది అడుగు. ఊదే గొట్టం నుంచి విడదీసే ముందు వస్తువును ఒక ఇనుప కడ్డీకి అతికిస్తారు. ఆ కడ్డీ విరిచిన చోట మిగిలే మచ్చను మంచి కొలిములు సానబట్టి మెరుగు పెట్టేవి. అందుకే అడుగున చదునైన, నున్నటి భాగం గానీ, లోతు తక్కువగా ఉండే గుండ్రటి గుంట గానీ కనిపిస్తుంది. మచ్చను గరుకుగా వదిలేసిన ఖరీదైన సొమ్మెర్సో అంటే అనుమానించాలి.

తర్వాత 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో అరుగుదల చూడండి. అరవై డెబ్బై ఏళ్లు బల్ల మీద ఉన్న గాజుకు, నేలను తాకే అంచు మీద మాత్రమే సన్నని గీతలు అన్ని దిక్కులకూ పడి ఉంటాయి. గుంట లోపల గీతలు ఉండకూడదు, ఎందుకంటే ఆ భాగం దేన్నీ తాకదు. గీతలన్నీ ఒకే దిక్కుకు సమాంతరంగా ఉంటే ఎవరో గరుకు కాగితంతో రుద్ది పాతదనం తెచ్చారని అర్థం.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. మురానో గాజు సోడా కలిపినది, సీసం కలిపిన క్రిస్టల్ కాదు. సోడా గాజు ఎక్కువసేపు మెత్తగా ఉంటుంది కాబట్టి ఊదేవాళ్లకు ఆకారం తీర్చడానికి సమయం దొరుకుతుంది. వేలితో కొడితే సీసపు క్రిస్టల్‌లా గంటలా మోగిందని కొన్నా, మోగలేదని మానేసినా పొరపాటే. బరువు కూడా సీసం వల్ల కాదు, గోడ మందం వల్ల వస్తుంది.

3. లేబుల్‌ను, సంతకాన్ని చివర్లో చూడండి

ఆ కాలపు కొలిముల్లో చాలావాటికి వస్తువు మీద సంతకం చేసే అలవాటు లేదు. కాగితం లేబుల్ అంటించేవాళ్లు, అది కడిగినప్పుడు ఊడిపోయేది. కాబట్టి సంతకం లేకపోవడం లోపం కాదు. సంతకం ఉండటమే అనుమానించాల్సిన సందర్భాలు చాలా ఉన్నాయి. అనామక వాజ్ అడుగున ‘సెగూజో’ అని తర్వాత ఎవరో చెక్కించడం మామూలు మోసం.

వెనీని సంగతి వేరు. 1921లో పావొలో వెనీని భాగస్వామిగా మొదలైన ఈ కంపెనీ, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1960ల మధ్య దాకా ఆమ్లంతో మూడు వరుసల ముద్ర వేసేది: వెనీని, మురానో, ఇటాలియా. ఆ తర్వాత చెక్కిన సంతకం వచ్చింది. ఈ ముద్రను కూడా నకలు చేస్తున్నారు. అందుకే ముద్ర, పద్ధతి, ఆకారం, అరుగుదల నాలుగూ ఒకే మాట చెప్పాలి.

‘మురానో, మేడ్ ఇన్ ఇటలీ’ అని మాత్రమే ఉన్న బంగారు రంగు లేబుల్ ఏ కంపెనీదో చెప్పదు. పైగా ఒక వస్తువు నుంచి ఊడదీసి మరోదానికి అంటించడం తేలిక. ‘వెత్రో ఆర్తిస్తికో మురానో’ అనే ముద్ర ఉంటే అది 1950ల నాటిది కానే కాదు. ఆ ట్రేడ్‌మార్క్‌కు ఆధారం 1994లో వచ్చిన వెనెతో (వెనిస్ ఉన్న రాష్ట్రం) ప్రాంతీయ చట్టం.

రుమాలు మడిచి నిలబెట్టినట్టుండే ఫట్సొలెత్తో వాజ్ మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టండి. 1940ల చివర్లో ఫుల్వియో బియాంకోని, పావొలో వెనీని కలిసి దానికి రూపమిచ్చారు. తర్వాత అందరూ చేశారు. ఇంగ్లండ్‌లోని ఛాన్స్ కంపెనీ పలకగాజును వేడిచేసి వంచి ఇలాంటివే అమ్మింది. వాటి గోడ అంతటా ఒకే మందం ఉంటుంది, గీతలు పైన అచ్చేసినవి. ఊదిన దాంట్లో గీత గాజు లోపల ఉంటుంది. చెక్ గాజును కూడా మురానో అని తరచూ అమ్ముతుంటారు. అదీ మంచి గాజే, ధర మాత్రం వేరు.

పద్ధతి తెలిసిన కన్నుకు ఎంత విలువో ఒక ఉదాహరణ ఉంది. అమెరికాలోని వర్జీనియాలో పాత సామాన్ల దుకాణంలో 3.99 డాలర్లకు దొరికిన వాజ్, వెనీనికి వాస్తుశిల్పి కార్లో స్కార్పా 1940ల మొదట్లో చేసిన ‘పెన్నెల్లాతె’ (కుంచె గీతల్లాంటి రంగు చారలున్న) వరుసలోదని తేలి 2023 డిసెంబర్ వేలంలో 1,07,100 డాలర్లు పలికింది. ఇలాంటిది మనకూ దొరుకుతుందన్న ఆశతో మాత్రం కొనకండి.

4. మూడు రకాల వెలుతురులో చూడండి

పగటి వెలుతురు, ట్యూబ్‌లైట్, అతినీలలోహిత టార్చ్. నియోడిమియం అనే లోహం కలిపిన గాజు ఎండలో లేత ఊదాగా, ట్యూబ్‌లైట్ కింద నీలంగా కనిపిస్తుంది. ఫోటో చూసి కొన్నవాళ్లు ‘వేరే రంగు పంపారు’ అని గొడవపడేది చాలాసార్లు దీనివల్లే. 365 నానోమీటర్ల టార్చ్ వేస్తే యురేనియం ఉన్న పసుపు, ఆకుపచ్చ పొరలు ప్రకాశవంతమైన ఆకుపచ్చగా వెలుగుతాయి. ఆ వెలుగు వయసుకు రుజువు కాదు. యురేనియం గాజు ఇప్పటికీ తయారవుతోంది. ఈ టార్చ్ అసలు ఉపయోగం మరమ్మతులు పట్టుకోవడం. చాలా జిగురులు గాజుకు భిన్నంగా తెల్లగా లేదా నీలంగా వెలుగుతాయి.

మామూలు టార్చ్‌ను వాజ్ లోపల దించి నెమ్మదిగా తిప్పండి. పగులు వెండి గీతలా మెరుస్తుంది. గోరును అంచు చుట్టూ తిప్పితే కంటికి కనబడని పెచ్చులు తగులుతాయి. కొలిమి వేడికి గుండ్రబడిన అంచు మెత్తగా ఉంటుంది. అది చదునుగా, మూలలు పదునుగా ఉండి, వాజ్ పొట్టిగా, మెడ కురచగా అనిపిస్తే పెచ్చు పోయిన భాగాన్ని కోసి అరగదీసి ఉండొచ్చు. ముందే కోసి మెరుగు పెట్టిన డిజైన్లూ ఉన్నాయి కాబట్టి అదే నమూనా ఫోటోతో ఎత్తు పోల్చి చూడాలి.

కన్ను పదునెక్కాలంటే మంచి వస్తువులను చూస్తూ ఉండాలి. మురానోలో 1861లో మొదలైన గాజు మ్యూజియం, వెనిస్ సాన్ జోర్జో దీవిలోని లే స్తాంజె దెల్ వెత్రో, న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ గాజు మ్యూజియం ఇందుకు మంచి చోట్లు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు సాలార్‌జంగ్ మ్యూజియంలోని యూరోపియన్ గాజు దగ్గర కాసేపు నిలబడండి. అక్కడిది ఇంకా పాతకాలపుదే అయినా పొరలు, అంచులు, పొదుగుడు పని గమనించడం అలవాటవుతుంది.

5. అమ్మేవారిని అడగాల్సినవి, తెప్పించుకునే తీరు

ఎత్తు, వెడల్పు, గ్రాముల్లో బరువు, అడుగు ఫోటో, అంచు ఫోటో, వెనక నుంచి వెలుతురు పడిన ఫోటో అడగండి. రశీదు మీద ‘మురానో శైలి’ అని రాస్తే అది మురానో అని హామీ ఇచ్చినట్టు కాదు. కంపెనీ పేరు, సుమారు కాలం రాసివ్వమనండి. ఇటలీ నుంచి తెప్పించేటప్పుడు 70 ఏళ్లు దాటిన వస్తువులకు ఎగుమతి పత్రాల నియమాలున్నాయి, ఆ పని అమ్మేవారిదేనని ముందే ఖాయం చేసుకోండి. భారత కస్టమ్స్ లెక్కలో పురాతన వస్తువు అంటే 100 ఏళ్లు దాటాలి. 1950ల వాజ్ మామూలు గాజు సామానే, సుంకం ఆ ప్రకారమే పడుతుంది.

ప్యాకింగ్ రెండు పెట్టెల్లో ఉండాలి. లోపలి పెట్టెకు, బయటి పెట్టెకు మధ్య అన్ని వైపులా కనీసం 5 సెంటీమీటర్ల మెత్తని నింపుడు అవసరం. వాజ్ లోపల కాగితాన్ని వదులుగా పెట్టమనండి, బిగించి కుక్కితే లోపలి నుంచే ఒత్తిడి పడుతుంది. మూతను విడిగా చుట్టాలి.

6. ఇంట్లో పెట్టడం, కడగడం

మందపాటి సొమ్మెర్సోను నేరుగా ఎండ పడే కిటికీలో పెట్టకండి. అది ఎండను ఒకచోటికి చేర్చి కర్టెన్‌కో, బల్లకో నిప్పంటించగలదు. మందపాటి ఆష్‌ట్రేలు ప్రమిదల్లా ముచ్చటగా కనిపించినా వాటిలో దీపం గానీ అగరుబత్తి గానీ పెట్టకూడదు. ఒకచోటే వేడెక్కితే మందపాటి గాజు పగులుతుంది. బరువైనవి కింది అరలో ఉంచి, అడుగున మ్యూజియం మైనం (వస్తువులు జారకుండా పట్టి ఉంచే మెత్తని మైనం) శనగగింజంత ముద్దలు మూడు పెడితే కదలవు. ఎత్తేటప్పుడు మెడ పట్టుకోకుండా అడుగున చెయ్యి వేయండి.

కడగడానికి గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా డిష్‌వాష్ ద్రవం చాలు. సింకులో మందపాటి తువ్వాలు పరచి ఒక్కొక్కటే కడగాలి. ఏసీ గదిలోంచి తెచ్చిన వెంటనే వేడినీళ్లు పోయకూడదు. డిష్‌వాషర్ అస్సలు వద్దు. లేబుల్ ఉన్న చోట తడి తగలనివ్వకండి.

మన ఊళ్లలో బోరు నీళ్లతో పువ్వులు పెడితే వారంలోనే తెల్లని చార పడుతుంది. లీటరు నీటికి ఒక టేబుల్ స్పూన్ సిట్రిక్ యాసిడ్ కలిపి రాత్రంతా ఉంచితే సున్నపు చార కరిగిపోతుంది. చివర్లో ఆర్వో నీళ్లతో కడిగి బోర్లించకుండా మెత్తని నూలుగుడ్డతో తుడవాలి. అలా చేశాక కూడా, తడిగా ఉన్నప్పుడు మాయమై ఆరాక మళ్లీ తేలే మసక ఉంటే అది మురికి కాదు, నీళ్లు నిలిచి గాజు ఉపరితలమే తినేసింది. దాన్ని ఏ ద్రవమూ తొలగించదు. గాజు పని తెలిసిన నిపుణుడు లోపల మెరుగు పట్టాల్సిందే, దానికయ్యే ఖర్చు చాలాసార్లు వాజ్ విలువను మించుతుంది. అందుకే అమ్మేవారు ‘కడిగితే పోతుంది’ అంటే, డబ్బు ఇవ్వకముందే వారితోనే కడిగించి, ఆరనిచ్చి చూడండి.