నాస్ ఆపరేటింగ్ సిస్టమ్ దేనికి? డిస్కులు కొనకముందే తేల్చుకోవాల్సిన సంగతులు

నాస్ అంటే ఆఫీసులో అందరూ నెట్‌వర్క్ మీద వాడుకునే డిస్కుల పెట్టె. ముందు ఒక లెక్క. కెమెరా ఫోర్‌కే వీడియోను సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే గంటకు 45 జీబీ అవుతుంది. ఒక పెళ్లిలో మూడు కెమెరాలు ఆరేసి గంటలు తిరిగితే 810 జీబీ. మాఘ, ఫాల్గుణాల్లో పన్నెండు పెళ్లిళ్లు ఒప్పుకున్న విజయవాడ గవర్నర్‌పేట స్టూడియోకి ఆ ఒక్క సీజన్‌లోనే 10 టీబీ దగ్గర పడుతుంది. మామూలుగా ఇదంతా ఎక్కడ ఉంటుంది? పెళ్లివారి ఇంటిపేర్లు రాసిన స్టిక్కర్లతో, బీరువాలో వరసగా పేర్చిన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కుల్లో. ఎడిటర్ దగ్గర డిస్కు ఉన్నంతసేపూ ఆల్బమ్ డిజైన్ చేసేవాళ్లు ఖాళీ. డిస్కు చెయ్యి జారిందా, ఆ పెళ్లి మళ్లీ చేయించలేం.

ఒక కంప్యూటర్‌లో పెద్ద డిస్కు పెట్టి విండోస్‌లో ఫోల్డర్ షేర్ చేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. నాలుగు నెలలు సరిపోతుంది. డిస్కు నిండాక రెండోది పెడతారు, అది ఇంకో డ్రైవ్ అక్షరంతో వస్తుంది, ప్రాజెక్టు ఫైళ్లలో దారులన్నీ తప్పుతాయి. నెట్‌వర్క్ స్టోరేజ్ కోసమే రాసిన ఆపరేటింగ్ సిస్టమ్ తీర్చేది మొదట ఈ గొడవనే. ఎన్ని డిస్కులున్నా వాటన్నిటినీ కలిపి ఒకే నిల్వగా చూపిస్తుంది. దీన్నే పూల్ అంటారు. రేపు డిస్కులు పెరిగినా ఫోల్డర్ చిరునామా మారదు.

రెండో పని ఎవరికీ కనపడదు కానీ అసలు విలువ దానిదే. జెడ్‌ఎఫ్‌ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్ రాసిన ప్రతి ముక్కకూ ఒక చెక్‌సమ్, అంటే ఆ ముక్క నుంచే లెక్కకట్టిన ఒక అంకె, దాచుకుంటుంది, చదివినప్పుడల్లా దాంతో సరిచూస్తుంది. డిస్కు తప్పుడు డేటా ఇస్తే పట్టుకుని, మిగతా డిస్కుల సాయంతో సరిచేస్తుంది. మామూలు డిస్కులో ఆ ఫైలు చెడిపోయిన సంగతి, మూడేళ్ల తర్వాత పెళ్లివారు ఇంకో కాపీ అడిగిన రోజున తెలుస్తుంది. పైగా జెడ్‌ఎఫ్‌ఎస్ పాతదాని మీదే రాయదు. కొత్త చోట రాసి, రాత పూర్తయ్యాకే పాతదాన్ని వదులుతుంది. అందుకే మధ్యలో కరెంటు పోయినా పూల్ పాడవదు. ఆ క్షణంలో రాస్తున్న ఫైలు మాత్రం పోవచ్చు.

స్కేల్ అంటే రెండు అర్థాలు

అమ్మేవాళ్లు కలిపేసి మాట్లాడతారు గానీ, నిల్వ పెరగడం రెండు రకాలు. ఒకే పెట్టెలో డిస్కులు పెంచుకుంటూ పోవడం ఒకటి. పెట్టెకు పెట్టె జతచేసి, అన్నీ కలిసి ఒకే నిల్వగా పనిచేయడం రెండోది. రెండో రకానికి సెఫ్, డెల్ వాళ్ల వన్‌ఎఫ్‌ఎస్ ఉదాహరణలు. వీటికి మామూలుగా మూడు పెట్టెలైనా కావాలి, మధ్యలో 10 గిగాబిట్ నెట్‌వర్క్ ఉండాలి. సెఫ్ సాధారణంగా ప్రతి ముక్కనూ మూడు కాపీలు ఉంచుతుంది. అంటే 30 టీబీ వాడుకోవాలంటే 90 టీబీ కొనాలి. స్కాన్లు వందల టీబీల్లో చేరే పెద్ద ఆసుపత్రికి, ఒక పెట్టె ఆగినా పని ఆగకూడని చోటికి అది తగినది. స్టూడియోకి, ఆడిటర్ ఆఫీసుకి, మిర్చి కమీషన్ కొట్టుకి అక్కర్లేదు.

జెడ్‌ఎఫ్‌ఎస్‌తో నడిచే నాస్ ఆపరేటింగ్ సిస్టమ్ ట్రూనాస్. దాని పేరు దగ్గర చాలామంది పొరబడతారు. 2005లో ఫ్రీనాస్‌గా మొదలైంది, 2020లో ట్రూనాస్ అయింది. లినక్స్ మీద నడిచే ట్రూనాస్ స్కేల్ 2022 ఫిబ్రవరిలో వచ్చింది. ఆ పాత పేరులో స్కేల్ ఉంది కదా అని రెండు పెట్టెలు కొని కలుపుదామనుకోకండి. పెట్టెల్ని కలిపే సౌకర్యం మొదట్లో పెట్టారు, తర్వాతి వెర్షన్లలో తీసేశారు. ఇప్పుడది ఒక పెట్టెలో పెరిగే వ్యవస్థే, మనకు కావలసిందీ అదే. పాత కంప్యూటర్, తక్కువ ర్యామ్ ఉంటే ఓపెన్‌మీడియావాల్ట్ అనే ఇంకో నాస్ సిస్టమ్ తేలిక. కింది వివరాలు మాత్రం ట్రూనాస్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినవి.

ఎలా పెంచుతారో మొదటి రోజే రాసుకోండి

ఇక్కడ తొందరపడితే తర్వాత దిద్దుకోలేరు. పూల్ లోపల డిస్కులు గుంపులుగా ఉంటాయి. ఒక్కో గుంపు పేరు వీడెవ్. ఒక గుంపు పూర్తిగా పోతే పూల్ మొత్తం పోతుంది, ఆ గుంపులో ఉన్నంత వరకే కాదు. రైడ్‌జెడ్1 అనే రక్షణ ఉన్న గుంపు ఒక డిస్కు పోయినా తట్టుకుంటుంది, రైడ్‌జెడ్2 రెండు పోయినా తట్టుకుంటుంది. ఒకదాన్ని ఇంకోదానిగా తర్వాత మార్చలేం. అలా మార్చాలంటే డేటా అంతా బయటికి తీసి, పూల్ చెరిపి, మళ్లీ కట్టాలి.

8 టీబీ డిస్కులు ఆరు, రైడ్‌జెడ్2 అనుకుందాం. రెండు డిస్కులంత జాగా రక్షణకు పోతుంది, 32 టీబీ మిగులుతుంది. కంప్యూటర్ 1024 లెక్కన కొలుస్తుంది కాబట్టి తెర మీద 29 చిల్లర కనపడుతుంది. ఎవరూ మోసం చేయలేదు. అందులోనూ 80 శాతం దాటనివ్వకండి, నిండేకొద్దీ జెడ్‌ఎఫ్‌ఎస్‌కు ఖాళీలు వెతుక్కోవడం కష్టమై రాత నెమ్మదిస్తుంది. అంటే నిజంగా చేతికొచ్చేది 23. ఇందాకటి లెక్కన రెండు సీజన్లు దర్జాగా నడుస్తుంది.

రైడ్‌జెడ్1 పెడితే ఒక డిస్కు మిగులుతుంది కదా అంటారు. ఒక డిస్కు పోయి కొత్తది పెట్టారనుకోండి. నిండు 8 టీబీ డిస్కును సెకనుకు 150 ఎంబీ వేగంతో తిరిగి నింపడానికే 15 గంటలు పడుతుంది. ఆ 15 గంటలూ మిగతా డిస్కులన్నీ ఆపకుండా తిరుగుతాయి, అవీ అదే రోజు కొన్నవే, అదే వయసువే. ఇంకోటి పోవడానికి అంతకంటే మంచి ముహూర్తం ఉండదు. పెద్ద డిస్కులకు రైడ్‌జెడ్2 తప్ప వేరేది పెట్టకండి.

నిండాక పెంచడానికి మూడు దారులున్నాయి. ఇంకో ఆరు డిస్కుల గుంపు జతచేయడం అన్నిటికంటే శుభ్రమైనది. ఒక్కో డిస్కే తీసి పెద్దది పెడుతూ పోవడం రెండోది. ఇందులో ఆరోది కూడా మార్చి, అది నిండేదాకా జాగా పెరగదు, మధ్యలో కంగారుపడొద్దు. ఉన్న గుంపులోకే ఒక డిస్కు అదనంగా చేర్చడం మూడోది, ట్రూనాస్ 24.10 నుంచి వచ్చింది. దీంట్లో పాత ఫైళ్లు పాత అమరికలోనే ఉండిపోతాయి కాబట్టి అనుకున్నంత జాగా రాలేదనిపిస్తుంది.

అన్నిటికంటే ఖరీదైన పొరపాటు కూడా పూల్‌ను పెంచే తెర మీదే జరుగుతుంది. ఉన్న గుంపును విస్తరించబోయి, ఒంటరి డిస్కును కొత్త గుంపుగా జతచేస్తారు. హెచ్చరిక వస్తుంది, చదవకుండా నొక్కేస్తారు. ఇక ఆ ఒక్క డిస్కు పోయిన రోజున మొత్తం పూల్ పోతుంది. రైడ్‌జెడ్ ఉన్న పూల్ నుంచి ఆ గుంపును వెనక్కి తీయలేం కూడా.

కొనేటప్పుడు

డిస్కు సీఎంఆర్ రకమో (వరసలు విడివిడిగా రాసేది) ఎస్‌ఎంఆర్ రకమో (వరసలు ఒకదాని మీదకు ఒకటి కొంచెం ఎక్కేలా రాసేది) డేటా షీట్‌లో చూడండి. ఎస్‌ఎంఆర్ చవక, కానీ పోయిన డిస్కు స్థానంలో నింపేటప్పుడు రోజుల తరబడి నత్తనడక నడుస్తుంది, ఒక్కోసారి మధ్యలోనే వదిలేస్తుంది. ర్యామ్ కనీసం 8 జీబీ, 16 ఉంటే హాయి. తప్పులు తనే దిద్దుకునే ఈసీసీ ర్యామ్ పట్టే బోర్డు దొరికితే మంచిదే. ఆపరేటింగ్ సిస్టమ్‌కు విడిగా ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ కావాలి, దాని మీద డేటా పెట్టనివ్వదు. పెన్‌డ్రైవ్‌లో నడిపితే నెలల్లో అరిగిపోతుంది. డిస్కులను తనే కలిపేసే రైడ్ కార్డు వద్దు, డిస్కులను జెడ్‌ఎఫ్‌ఎస్ నేరుగా చూడగలగాలి. బోర్డు మీది సాటా పోర్టులు చాలకపోతే డిస్కులను ఉన్నవి ఉన్నట్టే చూపించే, ఐటీ మోడ్‌లో ఉన్న హెచ్‌బీఏ కార్డు తీసుకోండి. యూఎస్‌బీ డిస్కులతో పూల్ కట్టకండి.

నెట్‌వర్క్‌కు 10 గిగాబిట్ తప్పనిసరి అనే మాట నమ్మకండి. మామూలు గిగాబిట్ లైను సెకనుకు 110 ఎంబీ ఇస్తుంది. ముగ్గురు ఎడిటర్లు రెండేసి వీడియోలు నడిపినా అవసరం 75 ఎంబీ. వేగం 11 ఎంబీ దగ్గర ఆగిపోతే నాస్‌ను తిట్టకండి, కేబుల్ చూడండి. నాలుగు తీగలే కలిపిన పాత కేబుల్ 100 మెగాబిట్లకు దిగిపోతుంది.

ఇన్వర్టర్ ఉంది కదా అని యూపీఎస్ మానేయొద్దు. ఇన్వర్టర్ మీదకు మారే ఆ క్షణంలోనే పెట్టె రీస్టార్ట్ కావచ్చు. పైగా బ్యాటరీ అయిపోతోందని ఇన్వర్టర్ నాస్‌కు చెప్పలేదు. యూపీఎస్‌ను యూఎస్‌బీ తీగతో కలిపితే నాస్ తనంతట తానే పద్ధతిగా ఆగిపోతుంది. మేలో ఏసీ లేని గది మన దగ్గర ఎలా ఉంటుందో తెలిసిందే. డిస్కు వేడి 45 డిగ్రీలు దాటకుండా చూసుకోండి.

బిగించడం

ఇది అరపూట పని. ఆషాఢంలోనో మూఢంలోనో, పెళ్లిళ్లు లేనప్పుడు పెట్టుకోండి. ఇన్‌స్టాల్ ఫైలును పెన్‌డ్రైవ్‌కు రాసి, ఎస్‌ఎస్‌డీలోకి ఎక్కించాక, తెర మీద కనపడే ఐపీ అడ్రసును ఇంకో కంప్యూటర్ బ్రౌజర్‌లో తెరవండి. ఆ అడ్రసు మారకుండా రూటర్‌లో కట్టేయండి. పూల్ కట్టేముందు ప్రతి డిస్కు సీరియల్ నంబరు చిన్న చీటీ మీద రాసి ట్రే బయట అంటించండి. పోయిన డిస్కు అనుకుని బాగున్నదాన్ని లాగడం చాలా చోట్ల జరిగే ప్రమాదం.

తర్వాత ఒక్కో పనికి ఒక్కో డేటాసెట్ (పూల్‌లో విడి సెట్టింగులుండే ఫోల్డర్ లాంటిది): షూటింగ్ ఫైళ్లకు ఒకటి, ఆల్బమ్‌లకు ఒకటి, లెక్కలకు ఒకటి. ప్రతి మనిషికీ వేరే యూజర్, వేరే పాస్‌వర్డ్. షూటింగ్ ఫైళ్లను ఆల్బమ్ వాళ్లు చదవగలిగితే చాలు, చెరిపే హక్కు వద్దు. విండోస్ వాళ్లకు ఎస్‌ఎంబీ (విండోస్ ఫోల్డర్లు పంచుకునే పద్ధతి) షేర్ తెరవండి. ఒకేలా ఉన్న ముక్కలను ఒక్కసారే దాచే డీడూప్లికేషన్ జోలికి పోవద్దు. పెళ్లి వీడియోల్లో దానికి దొరికేది ఏమీ ఉండదు, ర్యామ్ మాత్రం మింగేస్తుంది.

ఆ క్షణాన ఫైళ్లు ఎలా ఉన్నాయో అలాగే పట్టి ఉంచే స్నాప్‌షాట్లు లెక్కల డేటాసెట్‌కు గంటకోసారి, మిగతావాటికి రోజుకోసారి పెట్టి, ఒక నెల ఉంచండి. ఎవరైనా ఫోల్డర్ చెరిపినా, రాన్సమ్‌వేర్ తాళం వేసినా, విండోస్‌లో ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి ప్రీవియస్ వెర్షన్స్‌లో నిన్నటిది తీసుకోవచ్చు. 2 టీబీ చెరిపినా ఖాళీ పెరగలేదని ఫోన్లు వస్తుంటాయి. పాత స్నాప్‌షాట్ ఆ ఫైళ్లను పట్టుకుని ఉంది, దాని గడువు తీరాకే జాగా వస్తుంది. డేటా మొత్తాన్నీ చెక్‌సమ్‌తో సరిచూసే స్క్రబ్ నెలకోసారి నడవాలి.

గుంటూరులో ఒక కాపీ

రైడ్‌జెడ్2 బ్యాకప్ కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ చుట్టుపక్కల కింది అంతస్తులు మునిగాయి. నీళ్లలో మునిగిన పెట్టెలో ఎన్ని డిస్కుల రక్షణ ఉన్నా ఒకటే. నాస్‌ను పై అంతస్తులో పెట్టండి. రెండో చిన్న నాస్‌ను ఇంకో ఊళ్లో పెట్టండి. విజయవాడ వాళ్లకు గుంటూరు, గుంటూరు వాళ్లకు విజయవాడ, గంట ప్రయాణమే. రెండోదానికి వేగం అక్కర్లేదు, జాగా ఉంటే చాలు.

మొదటి కాపీని ఇంటర్నెట్‌లో పంపబోకండి. 100 మెగాబిట్ల లైనులో 10 టీబీ ఎక్కడానికి తొమ్మిది రోజులకు పైగా పడుతుంది. రెండో పెట్టెను ముందు ఇక్కడే పక్కన పెట్టి, రెప్లికేషన్‌తో (స్నాప్‌షాట్లను ఇంకో నాస్‌కు పంపడం) నింపి, కారులో తీసుకెళ్లి అక్కడ బిగించండి. ఆ తర్వాత రోజూ రాత్రి మారిన ముక్కలు మాత్రమే వెళ్తాయి. రెండు పెట్టెల మధ్య వైర్‌గార్డ్ లేదా టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ (ఇంటర్నెట్‌లో బయటివాళ్లకు కనపడని) దారి వేయండి. చాలా కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, టెయిల్‌స్కేల్ ఆ అడ్డు దాటుతుంది. రూటర్‌లో 445 పోర్టు తెరిచి ఎస్‌ఎంబీని నేరుగా ఇంటర్నెట్‌కు వదిలేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

ట్రూనాస్ సెట్టింగుల ఫైలును రహస్య సీడ్‌తో (అందులోని పాస్‌వర్డులను తెరిచే తాళం) సహా దించి, నాస్‌లో కాకుండా వేరే చోట ఉంచండి. ఎస్‌ఎస్‌డీ పోయినా కొత్తదానిలో సిస్టమ్ ఎక్కించి, ఆ ఫైలు ఇచ్చి, పూల్‌ను ఇంపోర్ట్ చేస్తే గంటలో మళ్లీ పని మొదలవుతుంది. మూణ్నెల్లకోసారి గుంటూరు కాపీ నుంచి ఒక పెళ్లి ఫోల్డర్ వెనక్కి తెప్పించి, వీడియో తెరిచి, చివరిదాకా ఆడించి చూడండి.